ముల్లు పోయి లైటు వచ్చినంక

బోరు స్టార్టర్ డబ్బల ఆంపియర్ మీటరు చూస్తం కదా! ముల్లు కొంచెం దిగంగనే నీళ్లు తగ్గుతున్నయని పసిగడతం. పాత కాలం కార్లల్ల ఇంజన్ ఆయిల్ ప్రెషర్‌కు కూడా అట్లాంటి ముల్లే ఉండేది.

1930లలో అమెరికాల హడ్సన్ కార్లల్ల ఆ మీటరు తీసి లైటు పెట్టిన్రు. 1983 డిసెంబర్‌లో మన దగ్గర మొదలైన మారుతి 800లోనూ లైటే. ముల్లు ఎంతుందో చెప్తది. లైటు ఉందా లేదా అన్నదే చెప్తది. 2010 తర్వాత బీఎస్-4 కార్లల్ల కంప్యూటర్ చాలా లోపాలను కోడ్‌గా దాచిపెడుతుంది. పాత బండికి ఆ జ్ఞాపకం లేదు. గుర్తు పెట్టుకోవాల్సింది మనమే.

గద్వాల నుంచి వనపర్తి పోతుంటే బీచుపల్లి బ్రిడ్జి కాడ ఎర్ర లైటు మినుకుమని, రేసు ఇస్తే పోయిందనుకోండి. "ఏం కాదు తియ్" అనొద్దు. బండి పక్కకు ఆపి, ఇంజన్ బంద్ చేసి, కాసేపాగి డిప్‌స్టిక్ చూడండి.

మలుపుల్లో, బ్రేకు కొట్టినప్పుడు వస్తే ఆయిల్ తక్కువుండొచ్చు. వేడెక్కినంక, బండి నిలిపినప్పుడే వస్తే ఆయిల్ పల్చబడ్డదో, బేరింగులు అరిగినయో. గుంతల్ల పడ్డప్పుడే వస్తే వైరో, స్విచ్చో. ఏదైనా సరే, మెకానిక్‌తో ప్రెషర్ మీటరు పెట్టించి కొలిపించినంకనే నమ్మండి.

స్విచ్ మార్చుడు చిన్న ఖర్చు. ఇంజన్ పట్టేస్తే పంట పైసలు పోతయ్. లైటు సతాయిస్తుందని బల్బు మాత్రం పీకెయ్యకండి.