మృతులు శ్రోతలైన పాట: 'క్వైదాన్' చలనచిత్రమున బివా గానము

క్రీ. శ. 1185వ సంవత్సరపు వసంతమున, జపాను ప్రధానద్వీపమునకు పడమటి కొననున్న దన్‌నోఉర జలసంధిలో హెయికే, గెంజి అను రెండు యోధవంశముల నౌకాబలములు తుదిపోరు సలిపినవి. హెయికే వంశము ఓడిపోయెను. ఆ వంశపు దౌహిత్రుడును, ఆరేండ్ల బాలచక్రవర్తియునగు అంతోకును అమ్మమ్మ చేతులలోనికి తీసికొని నీటిలోనికి దుమికెను. వంశస్త్రీలును యోధులును పలువురు ఆమె వెంటనే మునిగిరి. ఆ తీరమున దొరకు పీతల డిప్పలపై కోపముతో ముడివడిన మనుష్యముఖములు కనబడుననియు, అవి హెయికే వీరుల ముఖములేయనియు చెప్పుకొనుట అచ్చటివారికి తరతరముల వాడుక.

గెలిచిన గెంజి వంశము కామకురలో ప్రభుత్వము నెలకొల్పినది. కాని ప్రజల నాలుకపై నిలిచిన కథ గెలిచినవారిది కాదు, ఓడినవారిది. దానిని ఊరూర మోసికొనిపోయినవారు బివా హోషులు. అనగా తల గొరిగించుకొని, సన్యాసి వేషమున, బివా అను తంత్రీవాద్యమును మోసికొని తిరిగిన అంధగాయకులు. పదునాలుగవ శతాబ్దమున యోషిద కెంకో తన 'త్సురెజురెగుస'లో, యుకినగ అను పండితుడు ఈ కథను రచించి షోబుత్సు అను అంధునికి నేర్పెనని వ్రాసినాడు. ఆ వృత్తాంతము ఎంతవరకు నిజమన్నది వేరు సంగతి. అక్షరమెరిగినవాడొకడు, చూపులేనివాడొకడు కలిసి ఒక జాతికి మహాకథ నిచ్చిరని ఆ కాలమువారు నమ్మిరనుటయే గమనింపదగినది. 1371లో అకాషి కకుయిచి అను అంధగాయకుడు తన పాఠమును శిష్యునిచే వ్రాయించి స్థిరపరచెను. నేడు 'హెయికే కథ' పేర ఎక్కువగా చదువబడుచున్నది ఆ పాఠమే.

ఈ గానమునకు వినోదమొక్కటే ప్రయోజనము కాదు. దుర్మరణము పొందినవారి ఆత్మలు కోపముతో తిరుగుననియు, వారి కథను వారికే వినిపించినచో శాంతించుననియు నాటివారి విశ్వాసము. అందుచేత బివా హోషి ఒకే పాటను ఇద్దరికి పాడువాడు: ఎదుట కూర్చున్న బ్రతికినవారికి, కంటికి కనబడని చచ్చినవారికి. ఈ రెండవ శ్రోతను మరచినచో హోయిచి కథయు అర్థము కాదు, ఆ కథను తెరకెక్కించిన చిత్రమున సంగీతమునకు గల స్థానమును అర్థము కాదు.

తెలుగు పాఠకునకు ఇది కొత్త తలపు కాదు. పలనాటి యుద్ధమును చరిత్రకారులు అదే పండ్రెండవ శతాబ్దపు చివరి భాగమునకు చెందినదందురు. కారెంపూడిలో ఏటేట కార్తికామావాస్య మొదలు జరుగు వీరారాధనలో వీరవిద్యావంతులు పలనాటి వీరుల కథ పాడుదురు. అచ్చట చేరిన జనము వినువారిలో సగమే. మిగిలిన సగము గుడిలోని ఆయుధములు, నేలలోని వీరులు. ఆ కథాగానము ఓరుగంటి వీథిలో ఎట్లు సాగెనో 'క్రీడాభిరామము' వర్ణించినది. ఈ విషయమున రెండు దేశముల నడుమ ఇచ్చిపుచ్చుకొనుట ఏదియు లేదు. పోరున నేలకొరిగినవారి ఋణమును పాటతో తీర్చుట రెండు తావులను వేరువేరుగ పుట్టిన ఆచారము.

వాద్యము సంగతి అట్లు కాదు. అందు ఇచ్చిపుచ్చుకొనుట కలదు. బివా చీనాదేశపు పిపానుండి వచ్చినది. పిపా మధ్య ఆసియా మార్గమున తూర్పునకు సాగిన పొట్టిమెడ తంత్రీవాద్యముల సంతతిది. బేరిపండు ఆకృతిగల అట్టి వాద్యములు గాంధార శిల్పములందును, అమరావతి శిల్పములందును కలవు. నారా నగరపు షోసోయిన్ భాండాగారమున ఎనిమిదవ శతాబ్దమునాటి ఐదు తంతుల బివా నేటికిని భద్రముగ నున్నది. అంధగాయకులు కొలిచిన బెన్‌జాయ్‌తెన్ దేవత మరెవ్వరో కాదు, మన సరస్వతి. సముద్రములు దాటిన పిదప ఆమె చేతికి వీణకు మారుగా బివా వచ్చినది.

హోయిచి కథకు పూర్వరూపము 1782లో ఇస్సెకి సంజిన్ వెలువరించిన 'గయూ కిదన్' అను సంపుటిలో కలదు. దానిని ప్రపంచమునకు తెలిపినవాడు లఫ్కాదియో హెర్న్. 1850లో ఒక గ్రీకు ద్వీపమున ఐరిష్ తండ్రికిని గ్రీకు తల్లికిని జన్మించి, 1890లో జపాను చేరి, కొయిజుమి యకుమో అను పేర ఆ దేశపు పౌరుడై, 1904లో 'క్వైదాన్' గ్రంథమును ఇంగ్లీషున ప్రకటించి, ఆ ఏడే కన్నుమూసెను. పడుచుతనముననే అతనికి ఒక కన్ను పోయినది, రెండవదియు బలహీనమే. భార్య సెత్సు కథలు చెప్పగా విని వ్రాయుట అతని పద్ధతి; అందుచేత ఆ పుస్తకము కూడ ఒక విధముగ చెవినుండి పుట్టినదే. హోయిచి కథ వ్రాయు దినములలో అతడు చీకటి పడినను దీపము వెలిగించుకొనక కూర్చుండెడివాడనియు, తాను ప్రక్కగదినుండి హోయిచీ యని పిలిచిన, తాను గ్రుడ్డివాడననియు ఎవరు పిలుచుచున్నారనియు లోపలినుండి బదులు చెప్పెడివాడనియు సెత్సు తన జ్ఞాపకములలో చెప్పినది.

కథ చిన్నది. దన్‌నోఉర తీరమున మృతుల శాంతికై వెలసిన అమిదాజి ఆలయమున హోయిచి అను అంధగాయకుడు ఆశ్రయము పొందియుండును. ఒక రాత్రి కవచధారియగు యోధుడొకడు వచ్చి, తన ప్రభువు దన్‌నోఉర ఘట్టమును వినగోరుచున్నాడని అతనిని తోడ్కొనిపోవును. గొప్ప సభయొకటి చేరినట్లు హోయిచికి తోచును. అతడు పాడుచుండగా శ్రోతలు ఆపుకొనలేక రోదింతురు. రాత్రివెంబడి రాత్రి ఇట్లు జరుగగా, గురువు పంపిన మనుష్యులు వానలో వెదకి, అంతోకు చక్రవర్తి సమాధి యెదుట ఒంటరిగ కూర్చుండి బివా వాయించుచున్న హోయిచిని కనుగొందురు. అతని ప్రాణము కాపాడుటకై గురువు ఒడలంతట ప్రజ్ఞాపారమితా హృదయసూత్రమును వ్రాయించును. ఆ ప్రజ్ఞాపారమితా వాఙ్మయమునకు ఆంధ్రదేశముతో సంబంధము కలదని తలచు పండితులును కలరు. వ్రాయువారు చెవులను మాత్రము మరచిరి. ఆ రాత్రి వచ్చిన యోధునకు గాలిలో రెండు చెవులే కనబడెను. వానిని పెరికి తీసికొనిపోయెను.

చెవులే ఏల? పొరపాటున మిగిలిన అంగము ఏదైన కావచ్చును గదా! కాని అంధగాయకునికి చెవియే కన్ను, చెవియే గురుకులము. మృతులకును అతనికిని గల మార్గము అదియే. కథ చెప్పినవారు దానిని తెలిసియే ఎన్నుకొనిరని తోచును.

కొబయాషి మసాకి ఈ పుస్తకపు పేరు పెట్టి, హెర్న్ కథలు నాలుగింటిని గుదిగ్రుచ్చి తీసిన చిత్రము 1964 సంవత్సరపు చివర వెలువడెను. 1965లో కాన్ చలనచిత్రోత్సవమున జూరీ ప్రత్యేక బహుమతి పొందెను. సంగీతకర్త తకెమిత్సు తోరు. ఈ ఇద్దరి పూర్వచరిత్ర తెలియక ఆ సంగీతమును పరిశీలించుట అరకొర పని. కొబయాషి 1942లో సైన్యమునకు పట్టుబడి మంచూరియాకు పోయి, పదోన్నతిని నిరాకరించి, సామాన్యసైనికుడుగనే నిలిచి, తుదకు ఒకినావాలో యుద్ధఖైదీగా నుండి తిరిగివచ్చినవాడు. తకెమిత్సును 1944లో పదునాలుగేండ్ల ప్రాయమున కొండలలోని ఒక సైనికస్థావరపు పనికి తీసికొనిపోయిరి. పాశ్చాత్యసంగీతము నిషిద్ధమైన ఆ దినములలో ఒక అధికారి రహస్యముగ వినిపించిన ఫ్రెంచి పాట గ్రామఫోను రికార్డు అతనిని సంగీతమువైపు త్రిప్పినది. యుద్ధానంతరము స్వదేశసంగీతము చెవినబడినపుడెల్ల యుద్ధపు చేదుజ్ఞాపకములే వచ్చెడివని అతడు చెప్పుకొన్నాడు. బున్‌రకు బొమ్మలాటలో లావు కాడ గల షమిసెన్ నాదము వినునంతవరకు ఆ విముఖత పోలేదు.

ఆ విముఖతకు కారణము లేకపోలేదు. అంధగాయకుల 'తోదో' సంఘమును మేజీ ప్రభుత్వము 1871లో రద్దు చేసెను. ప్రాచీనమైన హెయికే గానము కొందరి కంఠములకే పరిమితమైనది. దాని స్థానమున ప్రజాదరణ పొందినది సత్సుమా బివా. దక్షిణమున సత్సుమా ప్రభువుల పోషణలో, యోధులకు నీతిధైర్యములు గరపుటకు పెరిగిన శాఖ యది. మేజీ యుగపు యుద్ధములలో వీరగాథలు పాడి దేశమంతట వ్యాపించినది. అనగా పరాజితులకై విలపించిన వాద్యము, విజేతలను ప్రోత్సహించు వాద్యముగ మారినది. ఒక కళకు ఇంతకు మించిన దుర్గతి ఏమి కలదు! 1945 పిదప దానిని వినుటకే వెనుదీసిన తరమునకు చెందిన ఇద్దరు, ఇరువది యేండ్లు గడవకముందే దానిని మరల ముందు నిలుపుట సులభమైన నిర్ణయము కాదు. 1962లో 'సెప్పుకు' చిత్రమున తొలుత ఇద్దరును కలిసి బివాను వాడిరి. 'క్వైదాన్' ఆ మార్గమున రెండవ అడుగు.

సత్సుమా బివాకు మెట్లు ఎత్తైనవి. మెట్ల నడుమ తంతిని నొక్కి స్వరమును వంచవచ్చును. విసనకర్రవలె విచ్చుకొన్న పెద్ద కొయ్యపలకతో మీటునపుడు అది తంతితోపాటు పొట్టను కూడ చరచును. స్వరము, దెబ్బ ఒక్కసారిగ పుట్టును. తంతి మెట్టునకు రాచుకొని జుమ్మను ధ్వనిని 'సవారి' యందురు. తంబుర తంతుల క్రింద దారపుపోగు పెట్టి నాదమునకు జీవము తెచ్చు మన వైణికులకు దీనిని వివరింపబనిలేదు. శుద్ధస్వరము కోరు పాశ్చాత్యుడు దోషమని తొలగించునట్టి రొదను ఈ రెండు సంప్రదాయములును నాదమునకు ప్రాణముగ నెంచినవి. గాలి, అల, కొయ్య చిటపట మొదలగు లోకపు చప్పుళ్లతో స్వరమునకు గల బంధుత్వము ఆ రొదలోనే కలదని తకెమిత్సు గ్రహించెను.

ఆ గ్రహింపు చిత్రమంతట పనిచేసినది. తొలికథయగు 'నల్లని కురులు'లో వాద్యబృందమే లేదన్నను తప్పు లేదు. కొయ్యను చీల్చిన, విరిచిన ధ్వనులను ముద్రించి, మార్చి, వానితోనే భయమును నిర్మించెను. పాడుపడిన ఇంటిలో నాయకుని కాలిక్రింద పలక విరిగినపుడు ఆ చప్పుడు విరిగిన క్షణమున రాదు. నిశ్శబ్దము గడచిన పిమ్మట, మరియొక తావున, ఎవరిదో అన్నట్లు వచ్చును. సాధారణ భయానకచిత్రములలో సంగీతము ప్రేక్షకునికి ముందుగనే హెచ్చరిక చేయును. ఇందు అది వెనుకబడి వచ్చుటచేత, జరిగినదేమో తెలియక మనస్సు తడబడును.

మూడవకథయగు 'చెవులు లేని హోయిచి'కి వచ్చుసరికి పద్ధతి మారినది. దన్‌నోఉర యుద్ధము తెరపై జరుగును, మధ్య మధ్య చిత్రపటములపై గీచిన యుద్ధము కనబడును. కత్తుల రాపిడి, తెడ్ల చప్పుడు, అరపులు దాదాపుగ లేవు. వాని స్థానమంతయు బివాదే. ఆ వాదనము త్సురుత కిన్షి అను విదుషీమణిది. ఇక్కడ తకెమిత్సు చేసిన గొప్ప పని తాను వెనుకకు తగ్గుట. పాటకు పాశ్చాత్య వాద్యబృందపు ఆసరా ఈయలేదు, అందము దిద్దలేదు. ఏలయన ఈ కథలో పాట భయమునకు నేపథ్యము కాదు. ప్రేతములు రాత్రులందు లేచి వచ్చుటకు కారణమే పాట. అవి కోరినది దానినే. ప్రేక్షకుడును అదే పాటను, వారితోపాటు, అదే సభలో కూర్చుండి వినుచున్నాడు. ఆ సంగతి అతనికి కొంత ఆలస్యముగ తట్టును. అప్పటి జలదరింపును ఏ ఢక్కానాదమును పుట్టింపజాలదు. అదే ఏడు వచ్చిన షిందో కనెతో 'ఒనిబాబ'లో హయాషి హికరు డోళ్లను ప్రబలముగ వాడినాడు. అది శరీరమును కుదుపును, ఇది జ్ఞాపకమును తాకును.

శాస్త్రజ్ఞులొక ఆక్షేపము చేయవచ్చును. హోయిచి పాడవలసినది ప్రాచీన హెయికే గానము. వినిపించినది అనంతరకాలపు సత్సుమా శైలి. ఆక్షేపము న్యాయమే. కాని సత్సుమా బివాయే కావలసిన కారణమును కలదు. వీరావేశము రగిలించుటకు వాడబడి మలినమైన వాద్యము ఇందు మునిగిపోయిన బాలుని కథను, ఓడినవారి యెదుటనే, వారు ఏడ్చునట్లు చెప్పుచున్నది. ప్రాచీనగానమును మ్యూజియమునుండి తెచ్చినట్లు తెచ్చియున్నచో చరిత్ర సరిపోయెడిది, ఈ ప్రాయశ్చిత్తము జరిగియుండెడిది కాదు.

ఆ పిదప తకెమిత్సు 1966లో బివా, షకుహచి అను రెండు వాద్యములకే 'ఎక్లిప్స్' రచించెను. 1967 నవంబరులో న్యూయార్కు ఫిల్హార్మోనిక్ వాద్యబృందము ఒజవ సేజి నాయకత్వమున అతని 'నవంబర్ స్టెప్స్'ను తొలిసారి వినిపించినపుడు, బివా పట్టి ముందు కూర్చున్నది త్సురుత కిన్షియే.

హెర్న్ కథ ముగియునప్పటికి హోయిచి కీర్తి వ్యాపించి, ప్రభువులు వచ్చి విని, కానుకలిచ్చి, అతడు ధనవంతుడగును. కొబయాషి ఆ ధనమును కాదనలేదు గాని దానికి ముందు ఒక మాట చేర్చెను. చెవులు పోయిన హోయిచి, తాను బ్రతికియున్నంతకాలము ఆ దుఃఖితాత్మల ఊరటకై బివా వాయించుచునే యుందునని పలుకును. అమిదాజి మేజీ కాలమున అకమా దేవాలయముగ మారినది. షిమొనోసెకి నగరమున, జలసంధికెదురుగ, హెయికే వీరుల సమాధిరాళ్ల చెంతనే, మందిరమున బివా ఒడిలో పెట్టుకొని కూర్చున్న హోయిచి విగ్రహము కలదు.