ఆట ముగిశాక మొదలైన కబుర్లు

1978లో జపాన్‌లో టైటో కంపెనీ విడుదల చేసిన స్పేస్ ఇన్వేడర్స్ ఆటలో, తెర పైభాగాన అప్పుడప్పుడూ ఒక ఎగిరే పళ్లెం అడ్డంగా దూసుకుపోతుంది. దాన్ని పడగొడితే 50 పాయింట్లు రావచ్చు, 300 కూడా రావచ్చు. అంతా అదృష్టమేనని మొదట్లో అందరూ అనుకున్నారు. కొందరు మాత్రం తాము పేల్చిన గుళ్లను ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ ఆడి గుట్టు పట్టేశారు. 23వ గుండుతో పళ్లేన్ని కొడితే 300. అక్కడి నుంచి ప్రతి 15వ గుండుకూ మళ్లీ 300. ఈ సంగతి యంత్రం మీద ఎక్కడా రాసి లేదు. కనిపెట్టినవాడు పక్కనున్నవాడికి చెప్పాడు. వాడు ఇంకో గేమ్ పార్లర్‌కు వెళ్లి అక్కడివాళ్లకు చెప్పాడు. అలా ఊరూరా పాకింది.

ఇంతకంటే సాహసమైన కిటుకు ఒకటి నగోయా నగరం పేరుతో స్థిరపడింది. గ్రహాంతరవాసుల దండు ఒక్కో మెట్టూ కిందికి దిగుతూ వచ్చి నేలను తాకితే ఆట అయిపోతుంది. కాబట్టి ఎవరైనా వాటిని పైన ఉండగానే కాల్చేయాలని చూస్తారు. నగోయా పద్ధతిలో ఆడేవాళ్లు వాటిని కావాలనే ఆఖరి మెట్టు దాకా దిగనిస్తారు. అంత దగ్గరికి వచ్చాక అవి పేల్చే గుళ్లు ఆటగాడి ఫిరంగికి తగలవు. గుండు పుట్టే చోటే ఫిరంగిని దాటి కిందికి పోయి ఉంటుంది కనుక అది హాని చేయలేదు. ఇక నిలబడినచోటే నిలబడి వరుసలకు వరుసలు ఊడ్చేయవచ్చు. ఒక్క మెట్టు లెక్క తప్పితే మాత్రం అంతా పోయినట్టే. ప్రోగ్రాములోని ఈ లొసుగును ఆటకే అందమైన ఎత్తుగడగా మార్చినవాళ్లు పార్లర్లలో ఆడుకునే మామూలు జనం.

వీడియో గేముల చరిత్ర రాసేవాళ్లు సాధారణంగా యంత్రాల గురించి, కంపెనీల గురించి, అమ్మకాల గురించి రాస్తారు. నిన్న ఏం ఆడావు, ఎక్కడిదాకా వెళ్లావు, అక్కడ ఏం చేశావు అని ఆటగాళ్లు ఒకరినొకరు అడిగి తెలుసుకున్న మాటలకు అందులో చోటు తక్కువ. ఇది చిన్న లోటేమీ కాదు. 1980ల జపాన్‌లో ఆ కబుర్లే కొన్ని ఆటల రూపురేఖలను నిర్ణయించాయి, పత్రికలను పుట్టించాయి, ఆఖరికి ప్రపంచమంతటికీ తెలిసిన ఒక ఆటకు దారి తీశాయి.

అప్పటి గేమ్ సెంటర్లలో చాలాచోట్ల యంత్రాల మధ్య ఒక బల్ల, దాని మీద బడిపిల్లలు వాడే మామూలు నోటుపుస్తకం, పక్కన పెన్ను ఉండేవి. ఎవరైనా రాయవచ్చు. ఈరోజు ఏ ఆటలో ఎంత స్కోరు వచ్చింది, ఏ దశలో ప్రాణం పోయింది, ఫలానా శత్రువును ఎటువైపు నుంచి కొట్టాలి, కొత్తగా దించిన యంత్రం ఎలా ఉంది అన్నవి అందులోని విషయాలు. నడుమ నడుమ ఆటలోని పాత్రల బొమ్మలు, సంతకం చోట మారుపేర్లు. ఒకరు మధ్యాహ్నం రాసిన ప్రశ్నకు సాయంత్రం ఇంకొకరు జవాబు రాసేవారు. ఆ ఇద్దరూ ఎన్నడూ ఎదురుపడకపోవచ్చు. యంత్రంలోని హైస్కోరు పట్టికలో సాధారణంగా మూడు అక్షరాలే పట్టేవి. ఆ మూడక్షరాల మనిషి అంత స్కోరు ఎలా చేశాడో తెలియాలంటే నోటుపుస్తకమే తిరగేయాలి.

దీని వెనక డబ్బు లెక్క కూడా ఉంది. ఒక్క ఆటకు 100 యెన్ల నాణెం వేయాలి. కొత్త ఆటలో చేయి తిరగనివాడికి ఆ నాణెం ఒకటి రెండు నిమిషాల్లో అయిపోతుంది. జేబులో నాలుగైదు నాణేలతో వచ్చే బడిపిల్లవాడికి నోటుపుస్తకంలోని ఒక వాక్యం ఒక నాణెం మిగిల్చేది.

1983లో జపాన్ పార్లర్లను ఊపేసిన జెవియస్ అనే ఆట ఈ అలవాటును ఇంకో మెట్టు ఎక్కించింది. నామ్కో కంపెనీ కోసం దాన్ని రూపొందించిన మసనోబు ఎండో, కంటికి కనిపించని వాటిని ఆట నిండా దాచిపెట్టాడు. ఖాళీగా ఉన్న నేల మీద సరైన చోట బాంబు వేస్తే ఒక బురుజు పైకి లేస్తుంది. ఇంకోచోట వేస్తే జెండా బయటపడుతుంది, దాన్ని అందుకుంటే అదనపు ప్రాణం వస్తుంది. ఎక్కడ ఏముందో ఆట చెప్పదు. అందుకే కనిపెట్టిన ప్రతివాడికీ చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండేది.

చెప్పుకునేచోట పుకారు కూడా పుడుతుంది. జెవియస్‌లో బకురా అనే లోహపు పలకలు గిరగిరా తిరుగుతూ మీదికి వస్తాయి. ఎంత కాల్చినా అవి పగలవు. కానీ ఒకే పలకకు 256 గుళ్లు తగిలిస్తే పగులుతుందని ఒక మాట దేశమంతా వ్యాపించింది. అప్పటి కంప్యూటర్ల లెక్కల్లో తరచూ ఎదురయ్యే అంకె కాబట్టి అది నమ్మదగ్గదిగా వినిపించింది. పలక తెర దాటిపోయేలోపు అన్ని గుళ్లు పేల్చడమే సాధ్యం కాదు, అందువల్ల అబద్ధమని తేల్చడమూ కుదరలేదు. ఏళ్ల తరబడి ఆ మాట బతికింది. ఆటగాళ్లు దీన్ని మోసంగా చూడలేదు. అలా జరిగితే ఎంత బాగుండునో అనుకున్నారు, అంతే.

1983లోనే జెవియస్‌లో కోటి పాయింట్లు సాధించే విధానాన్ని వివరిస్తూ ఒక చిన్న పుస్తకం వచ్చింది. ఏ ప్రచురణ సంస్థా వేసింది కాదు. యసుహిరో ఓహోరి అనే కుర్రాడు తన మిత్రులతో కలిసి సొంతంగా వేసుకున్నది. యంత్రంలో స్కోరు 99,99,990 దగ్గర ఆగిపోతుంది, అంటే ఆ పుస్తకం గురి ఆట అంతు చూడడమే. నోటుపుస్తకాల్లో ముక్కలు ముక్కలుగా ఉన్న అనుభవం ఒకచోట వరసగా చేరి అచ్చయినప్పుడు దానికి కొనేవాళ్లు ఉంటారని ఆ పుస్తకం చూపించింది. ఓహోరి తర్వాతి కాలంలో మాట్రిక్స్ అనే గేముల తయారీ సంస్థను స్థాపించాడు.

ఎండో తర్వాతి ఆట చూస్తే, దాన్ని ఈ కబుర్లనే నమ్ముకుని తయారుచేశాడేమో అనిపిస్తుంది. 1984లో వచ్చిన ది టవర్ ఆఫ్ డ్రువాగాలో గిల్ అనే వీరుడు 60 అంతస్తుల గోపురం ఎక్కి, పైన బందీగా ఉన్న యువతిని విడిపించాలి. దాదాపు ప్రతి అంతస్తులో ఒక పెట్టె దాగి ఉంటుంది. ఏదో ఒక పని చేస్తేనే అది కనిపిస్తుంది, ఆ పని ఏమిటో మాత్రం తెర మీద సూచన ఉండదు. మొదటి అంతస్తులో ఆకుపచ్చ జిగురుముద్దలను మూడింటిని చంపితే గోడలు పగలగొట్టే గునపం దొరుకుతుంది. రెండో అంతస్తులో నల్లముద్దలను రెండింటిని చంపితే నడక వేగం పెంచే బూట్లు వస్తాయి. ఇంతవరకు ఎవరైనా పొరపాటునైనా కనిపెట్టగలరు. పైకి వెళ్లేకొద్దీ షరతులు విపరీతంగా తయారవుతాయి. ఒకచోటయితే ఆట మొదలుపెట్టడానికి వాడే స్టార్ట్ బటన్‌నే మధ్యలో నొక్కాలి. కొన్ని వస్తువులు చేతిలో లేకపోతే పై అంతస్తుల్లో పని సాగదు. వాటిని కింద ఏ అంతస్తులో వదిలేసి వచ్చామో అప్పటికి తెలియదు.

ఒంటరిగా ఆడితే ఇది హింస. నాణేల మీద నాణేలు పోసినా 60వ అంతస్తు కనబడదు. కానీ పార్లర్‌లో పాతికమంది ఒకే నోటుపుస్తకంలో రాస్తుంటే ఒకరు 14వ అంతస్తు రహస్యం, మరొకరు 23వ అంతస్తు రహస్యం పట్టుకొస్తారు, పట్టిక నిండుతూ పోతుంది. పక్క ఊరి పార్లర్‌కు వెళ్లొచ్చినవాడు అక్కడి పుస్తకంలోని సమాచారం మోసుకొస్తాడు. గోపురం ఎక్కింది గిల్ ఒక్కడే అయినా, ఎక్కించింది ఆ ఊరి ఆటగాళ్లందరూ. ఆ తర్వాత దశాబ్దానికి ఇదే ఆట ప్లేస్టేషన్ సంకలనంలో విదేశాలకు వెళ్లినప్పుడు అక్కడివాళ్లకు ఇది తలాతోకా లేనిదిగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. వాళ్ల చేతికి అందింది సగం ఆటే. మిగతా సగం నోటుపుస్తకాల్లో ఉండిపోయింది.

నింటెండోకు చెందిన షిగెరు మియమొతో కూడా 1986 నాటి ది లెజెండ్ ఆఫ్ జెల్డా గురించి ఇలాంటి మాటే చెప్పారు. ఆ చోటు దొరికిందా, ఆ వస్తువు ఎలా సంపాదించావు అని పిల్లలు ఒకరినొకరు అడగడం ఆ ఆటలో ముఖ్యమైన భాగమని ఆయన అభిప్రాయం.

ఇక పార్లర్ల గోడలు దాటిన కథ. 1983లో సతోషి తజిరి అనే 17 ఏళ్ల తోక్యో కుర్రాడు తను ఆడిన ఆటల అనుభవాలు, కిటుకులు చేత్తో రాసి, జిరాక్స్ తీసి, స్టేపుల్ పిన్నులు కొట్టి పత్రికగా అమ్మడం మొదలుపెట్టాడు. దాని పేరు గేమ్ ఫ్రీక్. బొమ్మలు బాగా వేసే కెన్ సుగిమోరి ఒక దుకాణంలో ఈ పత్రిక చూసి, ముచ్చటపడి, బొమ్మలు తను వేస్తానని వచ్చి చేరాడు. ఇతరుల ఆటల్లో ఏది బాగుంది, ఏది లేదు అని ఏళ్ల తరబడి రాశాక తామే ఒకటి చేయాలన్న ఆలోచన వాళ్లకు వచ్చింది. 1989లో అదే పేరుతో కంపెనీ పెట్టారు. వాళ్ల తొలి ఆట క్విన్టీని ఆ ఏడాదే నామ్కో ప్రచురించింది. సమీక్ష రాసే చేయి ఆట తయారుచేసే చేయిగా మారడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఈలోగా వ్యాపార పత్రికలూ ఈ రంగంలోకి దిగాయి. అమెరికాలో 1979లోనే బిల్ కంకెల్, ఆర్నీ కాట్జ్ వీడియో అనే పత్రికలో ఆర్కేడ్ ఆలీ శీర్షికతో ఆటలను సమీక్షించారు. బ్రిటన్‌లో 1984లో లడ్లో అనే చిన్న ఊరి నుంచి మొదలైన క్రాష్ పత్రిక స్థానిక బడిపిల్లల చేతనే సమీక్షలు రాయించింది. జపాన్‌లో 1986లో అభిమానుల పత్రికల నుంచి వచ్చినవాళ్లు గేమెస్ట్‌ను నడిపించారు. అదే ఏడాది పుట్టిన ఫామికాన్ ట్సూషిన్, అంటే తర్వాతి కాలపు ఫమిత్సు, ఒక్కో ఆటను నలుగురి చేత ఆడించి ఒక్కొక్కరి చేత పదికి మార్కులు వేయించింది. 40కి 40 తెచ్చుకున్న మొదటి ఆట 1998లో గానీ రాలేదు. అది జెల్డా వరుసలోని ఆకరీనా ఆఫ్ టైమ్. మార్కుల మోజు తర్వాత ఎంత దూరం పోయినా, ఆ పద్ధతిలో ఒక మంచి గుణం ఉంది. నలుగురికీ ఒకే అభిప్రాయం ఉండనక్కర్లేదని అది ఒప్పుకుంది. పార్లర్ నోటుపుస్తకంలో ఉన్న గుణమూ అదే.

తజిరి దగ్గరికి మళ్లీ వద్దాం. 1987లో డ్రాగన్ క్వెస్ట్ 2 వచ్చినప్పుడు తజిరి, సుగిమోరి ఎవరింట్లో వాళ్లు ఆడుతున్నారు. అందులో ఒక మాయటోపీ చాలా అరుదుగా దొరుకుతుంది. సుగిమోరికి రెండు దొరికాయి, తజిరికి ఒక్కటీ దొరకలేదు. నీ దగ్గర ఎక్కువైనది నాకు పంపే వీలుంటే బాగుండునని తజిరికి అనిపించింది. వాళ్ల కంపెనీ తయారుచేయగా 1996 ఫిబ్రవరిలో గేమ్ బాయ్ యంత్రం మీద వచ్చిన పోకేమాన్‌లో ఆ కోరిక తీరింది. ఎరుపు, ఆకుపచ్చ అని రెండు రకాలుగా వచ్చిన ఆ ఆటలో కొన్ని ప్రాణులు ఒకదాంట్లోనే దొరుకుతాయి. అన్నీ కావాలంటే ఇంకొకరి గేమ్ బాయ్‌తో తీగ కలిపి మార్చుకోవాల్సిందే. మాట్లాడుకోకుండా ఆ ఆట పూర్తి కాదు.

దాని విజయంలో పుకారుకూ వాటా ఉంది. తయారీ చివర్లో పరీక్షల కోసం వాడిన భాగాలు తీసేశాక కార్ట్రిడ్జ్‌లో 300 బైట్ల చోటు మిగిలితే, ప్రోగ్రామర్ షిగెకి మోరిమొతో అక్కడ మ్యూ అనే ప్రాణిని దాచాడు. ఆటగాళ్లకు చూపించే ఉద్దేశం లేదు. అయినా ప్రోగ్రాములోని ఒక లోపం వల్ల కొందరికి కనబడింది, బడుల్లో కథలు కథలుగా చెప్పుకున్నారు. కొరొకొరో పత్రిక 20 మందికి మ్యూను ఇస్తామని ప్రకటిస్తే 78,000 దరఖాస్తులు వచ్చిపడ్డాయి. అప్పటిదాకా నెలకు అమ్ముడైనన్ని కాపీలు ఆ తర్వాత వారంలోనే అమ్ముడుపోయాయని పోకేమాన్ నిర్మాత త్సునెకజు ఇషిహారా తర్వాత చెప్పారు.

ఇది చాలావరకు జపాన్ కథే. అయినా తెలుగు ఊళ్లలో 1990ల వీడియో గేమ్ పార్లర్లు చూసినవాళ్లకు ఇందులో తెలిసిన సంగతులే ఎక్కువ. 1993లో క్యాప్‌కామ్ తెచ్చిన క్యాడిలాక్స్ అండ్ డైనోసార్స్ పేరు మనవాళ్లలో చాలామందికి నేటికీ తెలియదు. అందులోని ఒక పాత్ర పేరు మీద అది ముస్తఫా గేమ్ అయిపోయింది. పేరు పెట్టింది కబుర్లే. ఆ తర్వాత ఇంటర్నెట్ సెంటర్ల కాలంలో వైస్ సిటీ ఆడిన పిల్లలు పాంజర్ అని టైపు చేస్తే యుద్ధట్యాంకు వస్తుందని, యాస్పిరిన్ అని కొడితే ప్రాణం నిండుతుందని లెక్కల నోటుపుస్తకం చివరి పేజీల్లో రాసుకుని పంచుకున్నారు.

జపాన్‌లో గేమ్ సెంటర్లు 1986లో 26,000కు పైగా ఉండేవి, 2019 నాటికి దాదాపు 4,000 మిగిలాయి. మూతపడ్డ వాటిలోని నోటుపుస్తకాల్లో చాలా భాగం చెత్తలోకి పోయాయి. మన ఊళ్ల పార్లర్ల గురించయితే రాతలో మిగిలింది దాదాపు ఏమీ లేదు. అటక మీద ఆ కోడ్‌లు రాసుకున్న పాత పుస్తకాలు ఎవరికైనా ఉంటే తూకానికి వేయకండి. ఏ ఊళ్లో, ఏ వీధిలో, ఏ ఏడాది, ఆటకు ఎంత ఇచ్చి ఆడారో పక్కన రాసి దాచిపెట్టండి. ఈ చరిత్ర రాయబోయేవాళ్లకు అంతకు మించిన ఆధారం దొరకదు.