చాందా కోటగోడకు కావలి ఎవరు?



చంద్రపూర్ అనగానే చాలామందికి బొగ్గు గనులు, కరెంటు కేంద్రం, మే నెల వడగాలి గుర్తుకు వస్తాయి. బాబుపేట్ అనగానే రైలు పట్టాలు గుర్తుకు వస్తాయి. కాని ఈ ఊరికి వీటన్నిటికన్నా పాతది ఒకటుంది. అది ఊరి చుట్టూ ఉన్న రాతి గోడ. మరాఠీలో దానిని పర్కోట అంటారు. మన ఇళ్ళలో పెద్దలు కోటగోడ అంటారు. ఆ గోడ ఎలా వచ్చింది, ఈనాటిదాకా ఎలా నిలిచింది, ఇకముందు నిలవాలంటే ఎవరు పూనుకోవాలి అనే విషయాన్ని ఈరోజు మీతో ముచ్చటిస్తాను.

గోండు రాజుల రాజధాని ఒకప్పుడు సిర్పూరు. అది ఈనాడు తెలంగాణలో కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ఉంది. అంటే చంద్రపూర్ కథ మొదలైంది మన సరిహద్దుకు అవతలి గట్టునే. 15వ శతాబ్దంలో ఖాండక్యా బల్లాల్‌షా అనే రాజు ఒళ్ళంతా కణుతులతో బాధపడేవాడట. రాణి సలహా మీద సిర్పూరు విడిచి బల్లార్‌పూర్ చేరాడు. ఒకరోజు వేటకు వెళ్ళి, దాహం వేసి, ఝర్‌పట్ వాగులోని ఒక గుంటలో నీళ్ళు తాగి ముఖం కడుక్కున్నాడట. తెల్లారేసరికి కణుతులు తగ్గుముఖం పట్టాయట. అచలేశ్వరుడి గుడి వెలసింది ఆ చోటనే అంటారు. తరువాత అదే పరిసరాల్లో ఒక కుందేలు వేటకుక్కను తరమడం రాజు చూశాడు. ఆ కుందేలు తిరిగిన జాడ వెంట కోట కట్టించమని రాణి చెప్పిందట. తేల్ ఠాకూర్ అనే ఆయన ఆ పని నడిపించాడని చెబుతారు.

కుందేలు మాట ఎలా ఉన్నా, గోడ మాత్రం నిజం. దానిని కట్టడానికి కొన్ని తరాలు పట్టింది. ధుండ్యా రామ్‌షా కాలానికి, అంటే 17వ శతాబ్దం తొలినాళ్ళకు, పని ముగిసింది. దానికి నాలుగు దర్వాజాలు: జట్‌పురా, అంచలేశ్వర్, పఠాన్‌పురా, బిన్‌బా. వీటికి తోడు ఖిడ్కీలని పిలిచే ఐదు చిన్న వాకిళ్ళు. మీరు జట్‌పురా దర్వాజా కింద ఎన్నోసార్లు వెళ్ళి ఉంటారు. ఈసారి ఒక్కసారి తల పైకెత్తి చూడండి. ఏనుగును అణచిన సింహం బొమ్మ కనిపిస్తుంది. అది గోండు రాజుల చిహ్నం.

1751లో ఈ రాజ్యం నాగపూర్ భోంస్లేల చేతికి పోయింది. 1818 మే నెలలో ఇంగ్లీషు ఫిరంగులు గోడను బద్దలు కొట్టి ఊరిని పట్టుకున్నాయి. రాజులు పోయారు, మరాఠా సర్దారులు పోయారు, దొరలూ పోయారు. గోడ ఉండిపోయింది. ఇరాయి, ఝర్‌పట్ పొంగినప్పుడు వరదను ఆపి ఊరిని కాచింది కూడా ఈ గోడేనని పాతవాళ్ళు ఇప్పటికీ చెబుతారు.

శ్రోతలారా, ఇలాంటి గోడ హైదరాబాదుకూ ఉండేది. దానికి పదమూడు దర్వాజాలు. 1908 మూసీ వరదలో కొంత కూలింది. తరువాత రోడ్ల కోసం, ఇళ్ళ కోసం మిగిలినదీ పోయింది. ఈనాడు దబీర్‌పురా, పురానాపూల్ దర్వాజాలు రెండే మిగిలాయి. అఫ్జల్‌గంజ్ దర్వాజా అని పేరు వినడమే గాని, చూద్దామంటే లేదు. ఒక పెద్ద నగరం తన గోడను ఒక్కరోజులో పోగొట్టుకోదు. ఇవాళ ఒక మలుపు దగ్గర, రేపు ఒక బజారు దగ్గర, ప్రతిసారీ ఒక మంచి కారణం చూపించి పోగొట్టుకుంటుంది.

ఇంగ్లండులో బాత్ అనే పాత ఊరుంది. అక్కడి పౌరులు 1934లోనే పాత కట్టడాల రక్షణకు ఒక ట్రస్టు పెట్టుకున్నారు. అయినా 1960లలో, ఆ తరువాతి ఏళ్ళలో, అక్కడి సామాన్యుల పాత ఇళ్ళను వీధులకు వీధులుగా కూల్చి కొత్త భవనాలు లేపారు. పెద్ద భవంతులను ఉంచి, చిన్న ఇళ్ళను తుడిచేశారు. 1973లో ఒక రచయిత దీనిపై పుస్తకం రాసి నిలదీశాడు. ఊరు మేలుకుంది. 1987లో ఆ ఊరు ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కింది. మన దగ్గర కాకతీయ హెరిటేజ్ ట్రస్టు కృషి తోడై రామప్ప గుడి 2021లో అదే జాబితాలో చేరింది. ఈ రెండు చోట్లా ఊరివాళ్ళు ఏళ్ళ తరబడి పట్టు విడవలేదు.

మరి చంద్రపూర్‌లో? ఇక్కడ కోటగోడ కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడం. నీలం బోర్డు ఉంది, చట్టం ఉంది. కాని బోర్డు కలుపు తియ్యదు గదా! పిట్టలు వేసిన రావి గింజ రాళ్ళ సందులో మొలుస్తుంది. వేరు లావెక్కినకొద్దీ సున్నం వదులవుతుంది, వాననీరు లోపలికి దిగుతుంది, ఒక రాయి జారితే దాని వెంట పది జారుతాయి. మొక్కను పైపైన నరికితే మళ్ళీ చిగురిస్తుంది. మొరటుగా పీకితే రాళ్ళే ఊడివస్తాయి. బురుజుల మీద ముళ్ళకంప, కింద చెత్తకుప్పలు. గోడ ఉన్నదన్న సంగతే ఊరు మరిచిపోయింది.

2017 మార్చిలో ఇకో-ప్రో అనే స్థానిక సంస్థ, బండూ ధోత్రే నాయకత్వంలో, ఈ గోడను శుభ్రం చేసే పని మొదలుపెట్టింది. తెల్లవారుజామున కొడవళ్ళు, పారలు, గంపలు పట్టుకుని బయలుదేరేవారు. ఒక బురుజు అయ్యాక ఇంకొక బురుజు. వాళ్ళకు జీతం లేదు, భత్యం లేదు. ఫొటో దిగి ఇంటికి పోయే శ్రమదానం కాదది. 200 రోజులు ఎడతెగకుండా సాగిన ఆ పనిని 2017 అక్టోబరులో ప్రధానమంత్రి తన రేడియో ప్రసంగంలో మెచ్చుకున్నారు. పొగడ్త వచ్చాక కూడా పని ఆగలేదు. తుప్పలు పోయి గోడ మీద బాట తేలింది. ఆదివారాలు జనాన్ని ఆ బాట వెంట నడిపించి కోట కథ చెప్పడం మొదలైంది. ఊరి మధ్యలోని గోండుల నాటి రామాలా చెరువు మురికికూపం అవుతుంటే, 2021లో ధోత్రే నిరాహార దీక్షకు కూర్చున్నారు. గోడనూ చెరువునూ వేరువేరుగా చూడకూడదని దీనివల్ల మనకు తెలుస్తుంది. ఊరంటే రెండూ కలిసిందే.

ఇక్కడ ఒక కష్టమైన మాట కూడా చెప్పుకోవాలి. 2010లో సవరించిన చట్టం ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపైన ఇంకో 200 మీటర్లలో అనుమతి ఉంటేనే కట్టాలి. గోడ ఊరినంతా చుట్టి ఉంది గనుక, ఈ లెక్కలోకి వేలాది ఇళ్ళు వస్తాయి. తాతల నాటి పెంకుటింట్లో ఉన్నవాడు కొడుక్కి పెళ్ళి చేసి ఒక గది వేసుకోవాలన్నా కాగితాలు పట్టుకుని తిరగాలి. వాడిని దురాక్రమణదారు అని తిట్టడం న్యాయం కాదు. పాత ఇంటికి మరమ్మతు చేసుకోవడానికి చట్టంలో అనుమతి మార్గం ఉంది. ఆ దరఖాస్తు ఎలా పెట్టాలో చెప్పి, దగ్గరుండి రాయించే మనుషులు కావాలి. గోడ పక్కన బతికేవాడికి గోడ శత్రువైతే, ఎన్ని చట్టాలున్నా అది నిలవదు. వారసత్వాన్ని కాపాడే సంస్థలు కొడవలితో పాటు కలం కూడా పట్టాలని నేను అనడం ఇందుకే.

ఇక మన సంగతి. "మేము బాబుపేట్ వాళ్ళం, గోడ బయట ఉన్నాం, గనుల కోసం వచ్చిన తెలుగువాళ్ళం, గోండు రాజుల కోటతో మాకేం పని?" అని నా దగ్గర చదువుకునే పిల్లలే అడుగుతుంటారు. అప్పుడు వాళ్ళకు లాల్‌పేట్ విగ్రహాల కథ చెబుతాను. మన బాబుపేట్‌కు ఎంతో దూరం కాదు. అక్కడ ఆరుబయట నేల మీద పడుకుని ఉన్న పెద్ద పెద్ద ఏకశిలా విగ్రహాలున్నాయి. పది తలల దుర్గ ఒక్కటే ఇరవై అడుగులకు పైబడి ఉంటుంది. వాటిని చెక్కించింది రాయప్ప అనే కోమటి. ధుండ్యా రామ్‌షా కాలంలో ఒక మహా శివాలయం కట్టించాలని తలపెట్టి, గుడి లేవకముందే ఆయన కన్నుమూశాడని చెబుతారు. విగ్రహాలు అలాగే ఉండిపోయాయి. అందుకే ఆ చోటును అపూర్ణ దేవాలయం అంటారు. కోమటి అనే మాట ఎవరిదో నేను మీకు వేరే చెప్పనక్కరలేదు. కోటగోడ పూర్తయిన రోజుల్లోనే తెలుగు వాసన ఉన్న ఒక పేరు ఈ ఊరి రాళ్ళలో నిలిచిపోయింది. మనం ఇక్కడికి నిన్న వచ్చినవాళ్ళమే కావచ్చు, కాని మన భాష నిన్న రాలేదు.

కాబట్టి గోడ లోపలివాళ్ళదా, బయటివాళ్ళదా అన్న ప్రశ్నే సరికాదు. చంద్రపూర్ ఇంకా పెరుగుతుంది. రోడ్లు కావాలి, వంతెనలు కావాలి, ఇళ్ళు కావాలి. వాటిని ఎవరూ కాదనరు. దర్వాజా దగ్గర బండ్లు ఆగిపోతే గోడ పగలగొట్టడం కాకుండా బండ్లను వేరే దారిన మళ్ళించడం ఎలాగో ముందు ఆలోచించాలి. దారులు మళ్ళీ వేసుకోవచ్చు. ఐదు వందల ఏళ్ళు మళ్ళీ వేసుకోలేము.

ఈ వచ్చే ఆదివారం పిల్లల్ని వెంటబెట్టుకుని గోడ దాకా వెళ్ళండి. దర్వాజా పేర్లు వాళ్ళ చేత తెలుగులోనూ మరాఠీలోనూ రాయించండి. లాల్‌పేట్‌లో రాయప్ప విగ్రహాలు చూపించండి. గోడ మీద రావి మొక్క కనబడితే మీరు పీకకండి, పురావస్తు శాఖ వారికి ఒక చీటీ రాసి పంపండి. చెత్త గంప మాత్రం గోడ పక్కన కుమ్మరించకండి. కావలి కాయడానికి కత్తులు, బల్లేలు అక్కరలేదు. కన్ను, కాలు, ఒక పోస్టుకార్డు చాలు.