ఇల్లు వదలకుండా డిగ్రీ: అమెరికా కళాశాలల్లో లాటినో విద్యార్థులు, టింటో సిద్ధాంతం

విద్యార్థులు డిగ్రీ మధ్యలో ఎందుకు మానేస్తారన్న చర్చ అమెరికాలో ఎక్కడ మొదలైనా సమాజశాస్త్రవేత్త విన్సెంట్ టింటో దగ్గరికే చేరుతుంది. 1975 నాటి వ్యాసం, 1987 నాటి ‘లీవింగ్ కాలేజ్’ గ్రంథం ఆయనకు పీఠం వేశాయి. తరువాతి పరిశోధకులు చాలామంది ఆ పీఠానికి మొక్కే కలం పట్టారు. లాటినో, అంటే లాటిన్ అమెరికా మూలాలున్న, విద్యార్థులకు దీనివల్ల అన్యాయం జరిగిందని నా వాదన.

విద్యార్థి తాను పెరిగిన సమూహం నుంచి విడివడాలి, సంధి దశ దాటాలి, కళాశాల సమాజంలో కలిసిపోవాలి, కలవలేనివాడు మానేస్తాడు అంటారు టింటో. ఈ మూడు మెట్లూ మానవశాస్త్రవేత్త వాన్ జెన్నెప్ వివరించిన సంస్కార క్రతువుల నుంచి తెచ్చుకున్నవి. కానీ యుక్తవయసు క్రతువుల్లో కుర్రవాడు పెద్దవాడై తిరిగి తనవాళ్లలోకే వస్తాడు. టింటో విద్యార్థికి ఆ తిరుగుదారి లేదు. విద్యా పరిశోధకుడు విలియం టియర్నీ 1992లోనే ఈ లోపాన్ని పట్టుకున్నారు. 1993 ముద్రణలో టింటో కొన్ని సవరణలు చేసినా చట్రం మారలేదు.

నా వాదనకు బలమైన ఆధారం కాలిఫోర్నియాలో, హేవర్డ్ పట్టణంలోని షాబో కళాశాలలో ఉంది. 1981లో అక్కడి కౌన్సెలర్ ఫీలిక్స్ గలావిస్, ఇంగ్లిష్ అధ్యాపకురాలు పట్రీషియా మెక్‌గ్రాత్ లాటినో విద్యార్థుల రికార్డులు ముందేసుకుని కూర్చున్నారు. ఆ విద్యార్థులు కౌన్సెలర్ గడప తొక్కడం లేదు. కళాశాల స్థాయి రచనా కోర్సులో చేరడం లేదు. ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాళ్లు వాళ్లే. ఈ మూడింటికీ కలిపి వేసిన మందు పుయెంతే కార్యక్రమం. ఒకే బృందం ఏడాది పాటు కలిసి వరుసగా రెండు ఇంగ్లిష్ కోర్సులు చదువుతుంది. చదివేది లాటినో రచయితలను, రాసేది తమ ఇంటి గురించి, తమ పేట గురించి. విశ్వవిద్యాలయానికి బదిలీ అయ్యేదాకా కౌన్సెలర్ వెన్నంటే ఉంటారు. పైగా ఆ సమాజం నుంచే ఎదిగిన ఒక ఉద్యోగో వృత్తి నిపుణుడో మార్గదర్శిగా నిలబడతాడు. కుటుంబాలను కళాశాలకు పిలిచే సాయంత్రాలూ ఉంటాయి. అమ్మానాన్నలు తరగతి గదిలో కూర్చుంటే విద్యార్థి ఎవరి నుంచి విడివడాలి? పుయెంతేలో చేరేది ఇష్టపడినవాళ్లే కాబట్టి ఫలితం వాళ్ల పట్టుదలదేననే ఆక్షేపణ ఉంది. ఆ పట్టుదలకు చోటు చూపించింది మాత్రం ఈ కార్యక్రమమే.

సిల్వియా హర్టాడో, డెబొరా కార్టర్ 1997లో ప్రచురించిన అధ్యయనం కూడా ఇటే మొగ్గుతుంది. మత, సామాజిక సంఘాల్లో సభ్యత్వం ఉన్న లాటినో విద్యార్థులకు ‘ఈ కళాశాల నాది’ అన్న భావన బలంగా ఉందని వారు తేల్చారు. ఆ అధ్యయనంలోని విద్యార్థులంతా ఎంపికైన ప్రతిభావంతులన్నది నిజమే.

విద్యార్థులే ముందుండి నడిపిన సందర్భాల్లో ఈ సంగతి ఇంకా స్పష్టం. 1969 ఏప్రిల్‌లో శాంటా బార్బరాలో చికానో (మెక్సికన్ అమెరికన్) విద్యార్థులు, అధ్యాపకులు కూర్చుని తమకు కావలసిన చదువుకు ప్రణాళిక రాసుకున్నారు. మెచా అనే విద్యార్థి సంఘం అక్కడే రూపు కట్టింది. అదే నెలలో న్యూయార్క్ సిటీ కాలేజీలో నల్లజాతి, ప్యూర్టోరికన్ విద్యార్థులు ఆవరణను స్వాధీనం చేసుకున్నారు. మరుసటి ఏడాదే నగర విశ్వవిద్యాలయం అందరికీ ప్రవేశం తెరిచింది. వీళ్లు కళాశాలలో కలిసిపోలేదు, కళాశాలనే తమవైపు తిప్పుకున్నారు. ఇంట్లో తొలిసారి కాలేజీకి వచ్చిన పిల్లలకు, ఏ దేశంలోనైనా, ఇదే దారి.

సెప్టెంబరు 15 నుంచి అక్టోబరు 15 దాకా హిస్పానిక్ వారసత్వ మాసమంటూ ఒక మారియాచీ సంగీత కచేరీ పెట్టి చేతులు దులుపుకునే కళాశాలలను పుయెంతే లాంటి వాటి లెక్కలో చేర్చకూడదు. ప్రభుత్వ లెక్కా పైపైదే: విద్యార్థుల్లో కనీసం నాలుగో వంతు లాటినోలుండడమే హిస్పానిక్ సేవా సంస్థ గుర్తింపుకు ఫెడరల్ చట్టం పెట్టిన ప్రధాన షరతు. ఎందరు పట్టా పుచ్చుకున్నారని ఆ నిర్వచనం అడగదు. పరిశోధకులైనా అడగాలి. పుయెంతే లాంటి కార్యక్రమాలను ‘పాఠ్యేతరం’ అనే గడిలోంచి తీసి బోధన గడిలో చేర్చి లెక్క కట్టాలి, నిధులూ బోధన పద్దు నుంచే ఇవ్వాలి. అందాకా లాటినో విద్యార్థులపై టింటో చట్రంతో తీసిన ఏ ముగింపూ చెల్లదు.