అట్టల మీద రాత, సాంచాల మీద చీర

సిరిసిల్ల సాంచాల (మరమగ్గాల) మీద ఏళ్ల తరబడి ఎక్కువగా నడిచింది సాదా పాలిస్టర్ గుడ్డే. 2017లో ప్రభుత్వం పంచిన బతుకమ్మ చీరల నేత అక్కడ మొదలైంది. తర్వాతి ఏళ్లలో అంచుకు డిజైన్లు కావాలనేసరికి మరమగ్గాలకు డాబీలు, జకార్డులు బిగించడం పెరిగింది. కంప్యూటర్ చరిత్రలో తొలి అధ్యాయం రాసిన యంత్రాల్లో ఈ జకార్డు ఒకటి.

దాని పని గళ్ల కాగితం దగ్గర మొదలవుతుంది. నిలువు వరుస ఒక్కోటి ఒక్కో పడుగు పోగు, అడ్డు వరుస ఒక్కోటి ఒక్కో పేక. రంగు నింపిన గడి దగ్గర పోగు లేవాలి, ఖాళీ గడి దగ్గర కిందే ఉండాలి. ఒక్కో అడ్డు వరుసను ఒక్కో అట్టకు ఎక్కించి రంధ్రాలు కొడతారు. రంధ్రం ఉన్నచోట సూది దూరుతుంది, కొక్కెం పోగును లేపుతుంది. లేనిచోట అట్ట సూదిని నెట్టేస్తుంది, పోగు కదలదు. అట్టలను వరసగా కుట్టి తిప్పుతుంటే కాగితం మీది గళ్లు గుడ్డ మీద పువ్వులవుతాయి. ఒక్క అట్ట తారుమారైతే రేక తెగినట్టే.

1725లో ఫ్రాన్సులోని లియాన్‌లో బాసిల్ బూషాన్ రంధ్రాల కాగితంతో మగ్గం నడిపే ప్రయత్నం చేశాడు. ఇలాంటి పాత ప్రయత్నాలను పనికొచ్చే యంత్రంగా కుదిర్చినవాడు జోసెఫ్ మారీ జకార్డు, 1804లో. దాదాపు 24,000 అట్టలతో నేసిన జకార్డు పట్టు చిత్రం చార్లెస్ బాబేజ్ దగ్గర ఉండేది. తన గణన యంత్రానికి ఆయన అలాంటి అట్టలనే ఎంచుకున్నాడు.

నేతలో వెనక్కి వెళ్లే దారీ ఉంది. నమూనా గుడ్డను భూతద్దం కింద పెట్టి, పోగులు లెక్కపెట్టి, మళ్లీ గళ్ల కాగితం మీదికి దించుతారు. ప్రోగ్రామర్లు రోజూ చేసేదీ ఈ రెండు పనులే. చీర పేరు, పొడవు, ధర జేసన్ (JSON) అనే అక్షరాల రూపంలో వస్తే, చదివి విప్పేదాకా కంప్యూటర్‌కు అవి వరుస అక్షరాలే. పైథాన్ భాష దాన్ని డిక్షనరీగా మార్చాకే ధరను కూడగలం, పొడవును కొలవగలం. పంపేటప్పుడు మళ్లీ అక్షరాలుగా మార్చాలి. ఈ రాకపోకల్లో కొంత జారిపోతుంది కూడా: టపుల్‌గా వెళ్లింది లిస్టుగా తిరిగొస్తుంది, తేదీని మాటగా మార్చి పంపాల్సి వస్తుంది. అట్టలోనూ అంతే. పోగు లేవాలా వద్దా అన్నదే అందులో ఉంటుంది. నూలు పట్టో పాలిస్టరో, రంగు ఎరుపో పసుపో అట్టకు తెలియదు. అది నేసేవాళ్లే చూసుకోవాలి.

జగిత్యాల జిల్లా నాచుపల్లిలో 2007 నుంచి జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల ఉంది. అక్కడ చదివే కోరుట్ల, జగిత్యాల పిల్లలకు ఈ పాఠం ఒక్క పూటైనా సిరిసిల్ల సాంచాల పక్కన నిలబెట్టి చెప్పాలని నా గట్టి కోరిక. పుస్తకంలో నెల పట్టే సంగతి అక్కడ కళ్లముందే నడుస్తుంటుంది.

1983లో బోనాస్ కంపెనీ ఎలక్ట్రానిక్ జకార్డు తెచ్చాక అలాంటి మగ్గాల్లో అట్టల అవసరమే లేకుండా పోయింది, ఫైలు నేరుగా కొక్కేలను నడుపుతోంది. అయినా పాత ఒప్పందం మారలేదు. ఫైలులో రాసిన కొక్కేల లెక్క, మగ్గం మీది కొక్కేల లెక్క ఒకటి కావాలి. వేరే మగ్గానికి ఎక్కించాలంటే డిజైన్‌ను ఆ లెక్కకు మళ్లీ సరిచేసుకోవాల్సిందే.