పడమర వైపు గేట్లు

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో తెరిచినప్పుడు దానికి టెర్మినల్ ఒక్కటే. తూర్పు సగం దేశంలో తిరిగే విమానాలకి, పడమర సగం విదేశాలకి వెళ్లేవాటికి. పొద్దున్నే బెంగళూరు మీటింగుకి వెళ్లే సాఫ్ట్‌వేర్ మేనేజరూ, కంచిలి నుంచి దుబాయ్ బయల్దేరిన వెల్డరూ ఒకే కప్పు కిందికి వస్తారు. లోపలికెళ్లాక ఒకరు తూర్పుకి, ఒకరు పడమరకి.

మా సోంపేట వైపు నుంచి చూస్తే ఈ పడమర కొంచెం వింతగానే ఉంటుంది. ఉద్దానం తీరం ఒకప్పుడు పొట్ట చేతపట్టుకుని వెళ్లింది తూర్పుకి. కళింగపట్నం, బారువ, గోపాల్‌పూర్ లాంటి రేవుల్నుంచి రంగూన్‌కి. బర్మాలో తెలుగువాళ్లందర్నీ కలిపి కోరంగీలు అనేవారు, కోరంగి రేవు పేరు మీద. ఊరూ కులమూ అక్కర్లేదు, ఏ రేవు నుంచి వచ్చావన్నదే పేరైపోయింది. ఆ రేవుల్లో చాలావాటిలో ఓడ ఒడ్డుకి రాలేదు. లోతు చాలదు కాబట్టి దూరంగా లంగరేసుకుని ఉండేది. మసూలా పడవలో అలలు దాటించి మనుషుల్ని అక్కడికి చేర్చేవారు. ఇసుకే టెర్మినల్, పడవే గేటు. ఇవాళ విమానం దూరంగా ఆగి ఉంటే బస్సులో తీసుకెళ్లి మెట్ల దగ్గర దింపుతారే, ఆ బస్ గేటుకి మసూలా పడవ ముత్తాత.

విమానాశ్రయాల ప్లాను కూడా మొదట్లో దాదాపు ఇంత సింపులే. 1936లో లండన్ దగ్గర గాట్విక్‌లో గుండ్రటి టెర్మినల్ ఒకటి కట్టారు. తేనెపట్టు అని దానికి ముద్దుపేరు. మధ్యలో హాలు, చుట్టూ విమానాలు, టెలిస్కోపులా ముందుకి సాగే కప్పు దారులు. రైలు స్టేషన్ నుంచి సొరంగంలో నడిచొస్తే సరిపోయేది. విమానాలు పెద్దవయ్యాక, ఎక్కువయ్యాక ఆ గుండ్రం చాల్లేదు. పొడుగాటి చేతులు చాపినట్టు పియర్లు వచ్చాయి. అమెరికాలో ఇంకో ఆలోచన కూడా నడిచింది, కారు దిగిన చోటు నుంచి నాలుగడుగులేస్తే గేటు ఉండాలని. 1972లో తెరిచిన కాన్సస్ సిటీ, 1974లో తెరిచిన డాలస్ ఫోర్ట్‌వర్త్ అర్ధచంద్రాకారపు టెర్మినళ్లు ఆ ఆలోచన ఫలితాలే. మన తెలుగు ఇళ్లలో సగం మందికి ఈ డాలస్ అర్ధచంద్రాలు బాగా తెలుసు, ఎక్కడి నుంచి ఎక్కడికి పరిగెత్తాలో అర్థంకాక తిట్టుకున్నవాళ్లే ఎక్కువ.

ఆ ప్లాన్లని దెబ్బ తీసింది విమానాలు కాదు, హైజాకర్లు. వరస హైజాకుల తర్వాత 1973 జనవరి నుంచి అమెరికాలో ప్రయాణికులందర్నీ తనిఖీ చేయడం తప్పనిసరి అయింది. నాలుగడుగుల దూరంలో గేటు అన్న చోట ఇక ప్రతి నాలుగు గేట్లకీ ఒక తనిఖీ కావాలి. అందర్నీ ఒకే ఇరుకు దారిలో పోనిచ్చి, ఆ తర్వాత విశాలమైన హాల్లో వదలడం చవక. అలా వదిలిన హాల్లో దుకాణాలు పెట్టొచ్చని తర్వాత తెలిసింది. కాన్సస్ సిటీ చివరికి 2023లో పాత అర్ధచంద్రాలు వదిలేసి ఒకే కొత్త టెర్మినల్‌లోకి మారిపోయింది. ఆర్కిటెక్చర్ చరిత్ర అని మనం చదివేదాంట్లో చాలా భాగం నిజానికి పోలీసు చరిత్ర.

మన దగ్గరా అంతే. 1999 డిసెంబరులో కాందహార్ హైజాక్ అయ్యాక, 2000 నుంచి విమానాశ్రయాల కాపలా సీఐఎస్‌ఎఫ్ చేతికి రావడం మొదలైంది. మన దేశంలో టికెట్ లేకపోతే గుమ్మం దగ్గరే ఆపేస్తారు. కాబట్టి ఏడుపులు, దిష్టి తీయడాలు, ఆఖరి జాగ్రత్తలు అన్నీ బయట, కార్లు ఆగే చోటే. సోంపేట మనుషులకి నిజానికి వీడ్కోలు అంతకుముందే అయిపోతుంది, సోంపేట అని బోర్డు పెట్టుకుని కంచిలిలో ఉండే రైల్వే స్టేషన్లో.

శంషాబాద్ కంటే ముందు బేగంపేట. 1930లలో నిజాం కాలంలో మొదలైంది. చివరి రోజుల్లో అక్కడ రెండు టెర్మినళ్లు, రెండు పేర్లు: దేశీయానికి ఎన్టీఆర్, అంతర్జాతీయానికి రాజీవ్ గాంధీ. పార్టీల పంపకం కూడా ప్లాన్లోనే ఉందన్నమాట. శంషాబాద్‌లో భవనం ఒక్కటైంది, పేరూ ఒక్కటే మిగిలింది. 2014 నవంబరులో కేంద్రం దేశీయ భాగానికి మళ్లీ ఎన్టీఆర్ పేరు అనేసరికి తెలంగాణ అసెంబ్లీ వద్దంటూ తీర్మానం చేసింది. ఒకే కప్పుని పేరుతో మళ్లీ రెండు ముక్కలు చేయబోయారు.

దాన్ని కట్టిన జీఎంఆర్ పుట్టిల్లు రాజాం. అప్పటి శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు విజయనగరం. ఢిల్లీ మూడో టెర్మినల్ కట్టించింది కూడా ఆ రాజాం మనిషే అని మావైపు ఇప్పటికీ చెప్పుకుంటారు. మొదటి ప్లాను ఏడాదికి కోటీ ఇరవై లక్షల మందికి. తొంభై ఆరు చెకిన్ కౌంటర్లు, నలభై ఆరు ఇమిగ్రేషన్ కౌంటర్లు. గేట్లు మాత్రం తొమ్మిదే, అందులో ఏడు దక్షిణాన, రెండు ఉత్తరాన. అయినా 25వ నంబరు గేటు ఉండేది, ఎయిర్‌బస్ ఏ380 వస్తే ఆనడానికి మూడు ఏరోబ్రిడ్జిలతో. తొమ్మిది గేట్లున్న చోట 25 ఎక్కడిదని అనిపిస్తుంది. నా లెక్కలో అది పాత బేసిక్ ప్రోగ్రాముల్లో లైన్లకి 10, 20, 30 అని నంబర్లు వేసినట్టే. రేపు మధ్యలో ఏదో ఇరికించాల్సి వస్తుంది, చోటు వదులు. ఇరికించాల్సే వచ్చింది. జనం తట్టుకోలేక 2018లో విదేశీ ప్రయాణాలకి తాత్కాలిక టెర్మినల్ విడిగా పెట్టారు. అంటే కొన్నేళ్లపాటు ఒకే కప్పు అన్నమాట చెల్లలేదు. 2022 నవంబరులో అందర్నీ మళ్లీ పెద్ద టెర్మినల్‌లోకి తెచ్చారు. తూర్పున, పడమరన కొత్త పియర్లు వచ్చాక ఇప్పుడు సామర్థ్యం మూడు కోట్ల నలభై లక్షలు.

ఈ ప్లాన్లో ఏ బోర్డు మీదా రాయని గీత ఇంకోటి ఉంది. అది 1983 ఎమిగ్రేషన్ చట్టం గీసింది. పదో తరగతి పాసవ్వని మనిషి పాస్‌పోర్ట్ మీద ఈసీఆర్ అని ఉంటుంది. అతను గల్ఫ్ దేశాలూ మలేషియా సహా పద్దెనిమిది దేశాలకి పనికెళ్లాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. సింగపూర్ ఆ జాబితాలో లేదు. ఉద్దానం కుర్రాళ్లకి సింగపూర్ మీద అంత మోజుండటానికి జీతం ఒక్కటే కారణం కాదేమో. చట్టం ఉద్దేశం మంచిదే, చదువు రానివాణ్ని ఏజెంటు మోసం చేయకూడదని. కానీ ఇమిగ్రేషన్ కౌంటర్లో అదే ముద్ర అతన్ని ఆపే ముద్ర అవుతుంది. పక్క వరసలో ట్రాలీ బ్యాగులవాళ్లు రెండు నిమిషాల్లో దాటిపోతుంటారు, ఇతను కాగితాలన్నీ ఒక్కొక్కటీ బయటికి తీస్తుంటాడు.

చదువు తక్కువ కాబట్టి రక్షణ కావాలని చట్టం ఎవర్ని అంటుందో, అదే మనిషిని టెర్మినల్ మాత్రం అన్నీ చదవగలవాడిగా లెక్కేసుకుంటుంది. తెర మీద ఇంగ్లీషు, బాణం గుర్తు, గేటు మారితే మళ్లీ తెర. ముంబై లాంటి చోట్ల ఇప్పుడు మైకులో పిలుపులు కూడా మానేశారు, నిశ్శబ్ద విమానాశ్రయం అని దానికి గొప్ప పేరు. నిశ్శబ్దం ఎవరికి హాయో ఆలోచించాలి. మొదటిసారి వెళ్లేవాళ్లు గేటు నంబరు చూడరు. ఇంతకుముందు రెండుసార్లు వెళ్లొచ్చిన కవిటి మనిషి ఎవరో ఉంటాడు, అతని వీపు చూసి నడుస్తారు. అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులది ఇంకో దారి: కాళ్లు బాగానే ఉన్నా వీల్‌చెయిర్ అడుగుతారు. దాన్ని ఎగతాళి చేసే జోకులు వాట్సాప్‌లో బోలెడు. నాకైతే నవ్వు రాదు. వాళ్లకి కావల్సింది కుర్చీ కాదు, దారి తెలిసిన మనిషి.

దిగిన చోటా అంతే. దుబాయ్‌లో రెండో టెర్మినల్ 1998లో తెరిచారు. మొదటి, మూడో టెర్మినళ్లకి రన్‌వేల అవతలి పక్కన, విడిగా ఉంటుంది. చవక టికెట్ల ఫ్లైదుబాయ్ చాలా విమానాలు అక్కడే ఆగుతాయి. మూడోది 2008లో ఎమిరేట్స్ కోసం తెరిచింది, ఫొటోల్లో మనం చూసేది అదే. ఎక్కే దగ్గర ఒకే కప్పు కింద ఉన్నవాళ్లని దిగే దగ్గర రన్‌వేలు విడదీస్తాయి.

ఉత్తరాంధ్రకి దగ్గర్లో ఉన్నది విశాఖ. రన్‌వే నేవీది, ఐఎన్ఎస్ డేగ. సివిల్ విమానాలది అతిథి బతుకు. పది వేల అడుగుల రన్‌వే 2007లో, కొత్త టెర్మినల్ 2009లో వచ్చాయి. సింగపూర్‌కి నేరుగా వెళ్లే విమానాలు ఆ తర్వాతి సంగతి, ముందు సిల్క్ ఎయిర్, 2019 నుంచి స్కూట్. అంతకుముందు కోణార్క్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి ముంబై పోవడమే చాలామందికి తెలిసిన దారి, అక్కడి నుంచి సహార్‌కి.

ఇప్పుడు భోగాపురం. అల్లూరి సీతారామరాజు పేరు, 2,203 ఎకరాలు, 3,800 మీటర్ల రన్‌వే, మొదటి దశలో ఏడాదికి అరవై లక్షల మంది. కట్టేది మళ్లీ జీఎంఆరే. ఇంకా ఇటు, మందస వైపు మరో విమానాశ్రయం ప్రతిపాదన ఉంది, జీడి కొబ్బరి తోటలు పోతాయని రైతులు వద్దంటున్నారు. 2010 జూలై 14న థర్మల్ ప్లాంటు గొడవలో సోంపేట బీల దగ్గర పోలీసు కాల్పుల్లో మనుషులు పోయారు. కాగితం మీద గీసిన ప్లాను అంటే ఇక్కడివాళ్లకి అనుమానం ఊరికే రాలేదు.

భోగాపురంలో గేట్లకి నంబర్లు వేసే ఇంజనీర్లు ఎవరో నాకు తెలీదు. నంబర్లలో ఖాళీలు ఎలాగూ వదులుతారు. ఒక మైకు కూడా వదలమని నా మనవి. దుబాయ్ విమానానికి టైమయింది, గేటు మారింది, ఇటు రండి అని తెలుగులో ఒక గొంతు పిలిస్తే చాలు.