బ్రెగ్జిట్: ఒక మాట, పలు అర్థాలు

2012లో గ్రీసు అప్పుల ఊబిలో ఉన్నప్పుడు, అది యూరోను వదిలేస్తుందేమోనన్న అనుమానానికి సిటీగ్రూప్ ఆర్థికవేత్తలు ‘గ్రెగ్జిట్’ అని పేరు పెట్టారు. గ్రీస్, ఎగ్జిట్ కలిసిన మాట అది. అదే ఏడాది మే నెలలో పీటర్ వైల్డింగ్ ఆ ఒరవడిలోనే ‘బ్రెగ్జిట్’ అని రాశారు. బ్రిటన్ యూరోపియన్ యూనియన్‌లో కొనసాగాలన్నది ఆయన వాదన. హెచ్చరికగా పుట్టిన ఆ మాట చివరకు ఎదుటి పక్షానికి నినాదమైంది. 2016 డిసెంబరులో ఆక్స్‌ఫర్డ్ నిఘంటువుకెక్కింది.

ఈ మాట వెళ్లడాన్ని చెబుతుంది, వెళ్లాక ఏమిటన్నది చెప్పదు. అందుకే జనం వాదనల్లో అది ఒకరికి సొంత సముద్రంలో చేపల వేట హక్కు, మరొకరికి వలసల కట్టడి, ఇంకొకరికి పార్లమెంటు సార్వభౌమత్వం. జనానికి తాము దేనికి ఓటేస్తున్నారో తెలియదా అని అడగవచ్చు. తెలుసు. 2016 జూన్ 23 నాటి ప్రజాభిప్రాయ సేకరణలో 72 శాతం మంది ఓటర్లు ఓటేస్తే, వారిలో 51.9 శాతం వెళ్లిపోదామన్నారు. ఆ తీర్పును తక్కువ చేయకూడదు. అయితే బ్యాలెట్‌పై ఉమ్మడి మార్కెట్ ఊసు గానీ, కస్టమ్స్ యూనియన్ ఊసు గానీ లేదు. ‘బ్రెగ్జిట్ అంటే బ్రెగ్జిటే’ అన్న అప్పటి ప్రధాని థెరెసా మే మాటా ఆ ఖాళీని పూరించలేదు. 2020 జనవరి 31న గానీ బ్రిటన్ బయటపడలేదు. ప్రజలను తీర్పు కోరే ప్రభుత్వం, ప్రశ్నతోపాటు దాని పర్యవసానాన్నీ ముందే వారి ముందుంచాలి.